గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్: కరెంటు దారి సరిచూసుకోవడం నుంచి ప్రొఫైల్ సేవ్ చేసేదాకా

"నా కార్డుకి కోర్ ఎంత పెట్టాలి? మెమరీ ఎంత పెట్టాలి?" ఓవర్‌క్లాకింగ్ అంటే కార్డులోని కోర్ (లెక్కలు చేసే చిప్), మెమరీల క్లాక్‌ని, అంటే నడిచే వేగాన్ని, కంపెనీ పెట్టినదానికంటే పెంచడం. దాని గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి ఒక అంకె చెప్పి పంపేయడం కుదరదు. ఒకే మోడల్ కార్డులు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టినా వాటి చిప్‌లు ఒకేలా ఉండవు. ఒకటి ప్లస్ 150 మెగాహెర్ట్జ్ దగ్గర హాయిగా నడుస్తుంటే, రెండోది ప్లస్ 90కే గేమ్ మూసేస్తుంది.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఇప్పుడు నా కార్డుని ఏది ఆపుతోంది? కరెంటా, వోల్టేజా, వేడా? అది తేలితే ఏ స్లైడర్ జరపాలో, ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ క్రమంలోనే ఉంటుంది. ఇది డెస్క్‌టాప్ కార్డుల కోసం. ల్యాప్‌టాప్‌లలో కూలరు, పవర్ పరిమితి రెండూ తయారీదారు బిగించేసి ఉంటారు కాబట్టి, అక్కడ 7వ భాగంలోని అండర్‌వోల్ట్ (వోల్టేజ్ తగ్గించి నడపడం) తప్ప మిగతావి అంతగా పనికిరావు.

## 1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉండాల్సినవి:

- ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్. క్లాక్, వోల్టేజ్, ఫ్యాన్లని మార్చే ప్రోగ్రాం ఇది. పేరు ఎమ్‌ఎస్‌ఐది అయినా ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. ఏఎమ్‌డీ కార్డయితే దాని సొంత సాఫ్ట్‌వేర్ అడ్రెనలిన్‌లోని ట్యూనింగ్ పేజీ చాలు.
- జీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో. మొదటిది కార్డు ఎందుకు ఆగుతోందో చెబుతుంది, రెండోది సెన్సర్లన్నీ చూపిస్తుంది.
- 3డీమార్క్ లేదా యూనిజిన్ సూపర్‌పొజిషన్ (కార్డు వేగాన్ని స్కోరుగా కొలిచే బెంచ్‌మార్కులు), వాటితోపాటు తప్పులు పట్టే పరీక్షల ప్రోగ్రాం ఓసీసీటీ.
- మీరు నిజంగా ఆడే గేములు రెండు మూడు. వాటిలో ఒకటైనా రే ట్రేసింగ్ ఉన్నదై ఉండాలి.
- ఒక నోట్‌బుక్. మార్చిన ప్రతి అంకె, వచ్చిన ప్రతి ఫలితం రాసుకోండి.

ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ ఇదివరకే ఓవర్‌క్లాక్ చేసి ఉంటే, ఈ పని పూర్తయ్యేదాకా వాటిని మామూలు స్థితికి తెచ్చుకోండి. లేకపోతే క్రాష్ వచ్చినప్పుడు తప్పు ఎవరిదో తేలదు. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే నడవాలి. ఆఫ్టర్‌బర్నర్‌తోపాటు కార్డు కంపెనీ సొంత యాప్ కూడా నడుస్తుంటే, ఒకటి పెట్టిన విలువని రెండోది చెరిపేస్తుంది.

కార్డు, క్యాబినెట్ దుమ్ము దులపండి. పరీక్షలన్నీ క్యాబినెట్ మూసి ఉండగానే చేయండి. తలుపు తీసి సాధించిన అంకె తలుపు మూశాక నిలవదు.

## 2. కరెంటు దారి

చాలామంది దాటేసే భాగం ఇదే. నా మాటగా ఒకటి చెబుతాను: ఇది సరిచూడకుండా పవర్ లిమిట్ (కార్డు గరిష్ఠంగా లాగే వాట్ల హద్దు) స్లైడర్‌ని ముట్టుకోవద్దు. క్లాక్ ఎక్కువైతే గేమ్ మూసుకుంటుంది, అంతే. కనెక్టర్ వేడెక్కితే ప్లాస్టిక్ కరుగుతుంది.

### 2.1 ఎక్కడినుంచి ఎంత

- మదర్‌బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ) స్లాటు: మొత్తం 75 వాట్లు. అందులో 12 వోల్టుల లైను ఇచ్చేది 66 వాట్లే.
- 6 పిన్నుల కనెక్టరు: 75 వాట్లు
- 8 పిన్నుల కనెక్టరు: 150 వాట్లు
- 16 పిన్నుల కనెక్టరు: గరిష్ఠంగా 600 వాట్లు

మీ కార్డుకి 8 పిన్నుల కనెక్టర్లు రెండు ఉన్నాయనుకుందాం. 150, 150, స్లాటు 75 కలిపి 375 వాట్లు. మీ కార్డు పవర్ లిమిట్ గరిష్ఠం 340 అయితే దారికి కాస్త వెసులుబాటు ఉన్నట్టు. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోండి.

### 2.2 ఒక్కో సాకెట్‌కి ఒక్కో కేబుల్

చాలా పవర్ సప్లైలతో ఒకే కేబుల్‌కి రెండు తలలున్న తీగ వస్తుంది. చూడ్డానికి నీటుగా ఉంటుందని అదొక్కటే వాడేస్తారు. కానీ లెక్క చూడండి. 8 పిన్నుల కేబుల్‌లో 12 వోల్టుల తీగలు మూడే. 150 వాట్లంటే 12.5 ఆంప్స్, ఒక్కో తీగకి 4 ఆంప్స్ పైచిలుకు. రెండు తలలకీ కలిపి 300 వాట్లు లాగితే ఆ మూడు తీగల్లోనే 25 ఆంప్స్ పారాలి, అంటే తీగకి 8 ఆంప్స్ దాటుతుంది. పవర్ సప్లై వైపు ఉన్న ప్లగ్గు ఆ భారమంతా ఒక్కటే మోస్తుంది, అక్కడే వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోయేదీ అక్కడే.

కాబట్టి కార్డు మీద రెండు సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్ళు, మూడుంటే మూడు. వేలాడే రెండో తలని వదిలేయండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఒక పవర్ సప్లైకి వచ్చిన మాడ్యులర్ కేబుల్‌ని వేరే పవర్ సప్లైకి పెట్టకండి. కార్డు వైపు ప్లగ్గు అందరిదీ ఒకటే. పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకి మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, కానీ 12 వోల్టులు రావాల్సిన చోట గ్రౌండు ఉండవచ్చు. ఒక్క స్విచ్ వేస్తే కార్డు పోతుంది. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్ళ మధ్య కూడా ఈ తేడా ఉండొచ్చు.

### 2.3 16 పిన్నుల కనెక్టరుతో జాగ్రత్త

ఇందులో కరెంటు మోసే పిన్నులు 12, మిగతా నాలుగు సన్నవి సంకేతాల కోసం. 600 వాట్లంటే 50 ఆంప్స్. అది ఆరు పిన్నుల మీదుగా వెళ్ళి ఆరింటి మీదుగా తిరిగి రావాలి, అంటే పిన్నుకి 8.3 ఆంప్స్. పిన్ను తట్టుకోగల పరిమితి 9 ఆంప్స్ చిల్లర మాత్రమే. పాత 8 పిన్నుల దాంట్లో ఉన్నంత వెసులుబాటు ఇక్కడ లేదు. ఒక పిన్ను సరిగ్గా ఆనకపోతే దాని వాటా కరెంటు పక్క పిన్నుల మీద పడుతుంది. అవి వేడెక్కుతాయి.

మొదట వచ్చిన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ రకం తర్వాత 12వీ-2×6 అనే సవరించిన రకం వచ్చింది. అందులో సంకేతాల పిన్నులు పొట్టివి చేశారు. ప్లగ్గు పూర్తిగా దూరకపోతే ముందు అవే వదులైపోతాయి, కార్డు కరెంటు తీసుకోవడం మానేస్తుంది. ఇది మంచి మార్పే, కానీ మీ కన్నుతో చూడాల్సిన పని తప్పదు.

- కంప్యూటర్ ఆపి, గోడ ప్లగ్గు తీసేయండి.
- కనెక్టర్‌ని నిటారుగా చివరిదాకా నొక్కండి. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య సందు కనిపించకూడదు.
- మెల్లగా వెనక్కి లాగి చూడండి. కదలకూడదు.
- ప్లగ్గు నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా కేబుల్‌ని వంచకండి. క్యాబినెట్ తలుపు కేబుల్‌ని నొక్కుతుంటే అది మీకు సరిపోని క్యాబినెట్.
- ఊరికే తీసి పెట్టడం చేయకండి. ఈ కనెక్టర్లు ఎక్కువసార్లు తీసి పెట్టడానికి చేసినవి కావు.

### 2.4 పవర్ సప్లైలో మిగులు

సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లు సగటు. నిజానికి కార్డు మిల్లీ సెకనులో చిన్న భాగం పాటు ఆ సగటుకి చాలా ఎక్కువ లాగుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకోసమే రూపొందింది. పీసీఐఈ 5.0 కార్డుల కోసం చేసిన అలాంటి పవర్ సప్లై, 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెండింతల లోడుని తట్టుకోవాలని అది చెబుతుంది. పాత పవర్ సప్లైకి అలాంటి హామీ లేదు. దాని ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్ ఒక్కసారిగా మొత్తం కంప్యూటర్‌ని ఆపేస్తుంది.

లెక్క ఇలా వేయండి. కార్డు 320 వాట్లు, ప్రాసెసర్ 150, మిగతావన్నీ 80. మొత్తం 550. పవర్ లిమిట్ 10 శాతం పెంచితే ఇంకో 32. సగటు 582 అయినా 600 వాట్ల పవర్ సప్లై చాలదు. మంచి 750 వాట్లది ఉంటే నిశ్చింత.

పరీక్ష నడుస్తున్నప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కార్డుకి అందుతున్న 12 వోల్టుల విలువ కనిపిస్తే గమనించండి. ఖాళీగా ఉన్నప్పటితో పోలిస్తే పూర్తి లోడులో కొద్దిగా తగ్గడం మామూలే. 11.4 వైపు దిగుతుంటే కేబుల్, ప్లగ్గు, పవర్ సప్లై ఈ మూడింటిలో ఒకటి బాగాలేదు. అది సరయ్యేదాకా ఇక్కడే ఆగండి.

## 3. మామూలు స్థితిలో కొలత

ఏమీ మార్చకుండా కార్డుని 15 నుంచి 20 నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. తర్వాత బెంచ్‌మార్క్ మూడుసార్లు నడిపి సగటు రాసుకోండి. దాంతోపాటు లోడులో నిలబడిన కోర్ క్లాక్, వాట్లు, వోల్టేజ్, కోర్ ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు), మెమరీ ఉష్ణోగ్రత కూడా.

ఎన్విడియా కార్డులకి జీపీయూ-జెడ్‌లో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస ఉంటుంది. కార్డు ఇంకా పైకి ఎందుకు వెళ్ళట్లేదో అది చెబుతుంది:

- పవర్: వాట్ల పరిమితి తగిలింది.
- థర్మల్: వేడి ఆపింది.
- వీరెల్ లేదా వీఆప్: వోల్టేజ్ పరిమితి తగిలింది. వాట్లలో ఇంకా మిగులు ఉంది.

పవర్ అని ఎక్కువసేపు కనిపిస్తే, కోర్ క్లాక్ ఒక్కటే పెంచి లాభం కొంచెమే. ఇప్పటి పెద్ద కార్డుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

## 4. పవర్ లిమిట్, ఫ్యాన్లు

పవర్ లిమిట్ స్లైడర్‌ని చివరిదాకా జరపండి. 2వ భాగం పూర్తి చేసినవాళ్ళకే ఈ మాట. క్లాక్ ముట్టుకోకుండా మళ్ళీ అదే బెంచ్‌మార్క్ నడపండి.

ఎన్ని వాట్లు పెరిగాయో, ఎన్ని ఫ్రేములు పెరిగాయో పక్కపక్కన రాయండి. 30 వాట్లకి రెండు ఫ్రేములే వస్తే ఆ బేరం మీకు కావాలో వద్దో ఇప్పుడే ఆలోచించుకోండి. చిప్ తినే విద్యుత్తు క్లాక్‌తో నేరుగానూ, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. అందుకే చివరి కొన్ని మెగాహెర్ట్జ్‌లకి అంత ఖర్చు.

ఫ్యాన్ కర్వ్‌ని (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) మీ చెవి ఒప్పుకునేంత వరకు పైకి జరపండి. హాట్‌స్పాట్ కోర్ కంటే 25, 30 డిగ్రీలు ఎక్కువగా ఉంటే కూలర్ సరిగ్గా ఆనట్లేదు, లేదా థర్మల్ పేస్టు పక్కకి జారింది. ముందు ఆ పని చూసుకోండి.

## 5. కోర్ క్లాక్

1. ప్లస్ 50తో మొదలుపెట్టండి. ఐదు నిమిషాల పరీక్ష.
2. బాగుంటే 15 చొప్పున పెంచుతూ వెళ్ళండి. ఎన్విడియా కార్డులు క్లాక్‌ని దాదాపు ఈ మెట్ల మీదే మారుస్తాయి కాబట్టి మధ్యలో 4, 7 పెట్టి ప్రయోజనం లేదు.
3. క్రాష్ అయిన చోటు నుంచి 30 వెనక్కి రండి.
4. ఆ అంకె రాసుకుని, కోర్‌ని సున్నాకి తెచ్చి మెమరీకి వెళ్ళండి. రెండూ కలిపి పెంచితే తప్పు ఎవరిదో తెలియదు.

ఏఎమ్‌డీలో కొన్ని తరాల కార్డులకి గరిష్ఠ ఫ్రీక్వెన్సీని నేరుగా పెడతారు, కొన్నింటికి ఆఫ్‌సెట్ (మామూలు క్లాక్‌కి కలిపే అంకె) ఉంటుంది. కార్డు వాట్ల పరిమితికి తగులుతుంటే ఇక్కడ పనిచేసేది వోల్టేజ్ స్లైడర్. దాన్ని 10, 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గిస్తే క్లాక్ తనంతట తనే పైకి వస్తుంది.

## 6. మెమరీ

100 చొప్పున పెంచండి. ప్రతి మెట్టులో స్కోరు రాయండి. క్రాష్ కాలేదు కదా అని మెట్లు ఎక్కుతూ పోకండి.

జీడీడీఆర్6ఎక్స్ మెమరీలో తప్పుగా చేరిన డేటాని గుర్తించి మళ్ళీ పంపించే ఏర్పాటుంది. క్లాక్ మరీ ఎక్కువైతే స్క్రీన్ మీద తేడా ఏమీ కనిపించదు, లోపల మాత్రం అదే డేటా రెండోసారి, మూడోసారి వెళుతుంటుంది. ప్లస్ 800 దగ్గర స్కోరు పెరిగి, 1000 దగ్గర ఆగి, 1200 దగ్గర తగ్గితే, మీ హద్దు 1000 కూడా కాదు, 800. మిగతా రకాల్లో రంగు చుక్కలు, మెరుపులు, చతురస్రాలు కనిపించవచ్చు.

మెమరీ తినే వాట్లు కూడా కార్డు మొత్తం పరిమితిలోంచే పోతాయి. మెమరీని బాగా పెంచాక కోర్ క్లాక్ కిందికి జారిందంటే కారణం అదే. జీడీడీఆర్6ఎక్స్ 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది. 100 లోపే ఉంచండి.

## 7. అండర్‌వోల్ట్

రోజూ వాడుకునే కంప్యూటర్‌కి నేను సిఫారసు చేసేది ఇదే. వోల్టేజ్ 1.05 నుంచి 0.95కి తగ్గించి అదే క్లాక్ నిలబెట్టగలిగితే, కోర్ లెక్కలకి ఖర్చయ్యే విద్యుత్తు 18 శాతం దాకా తగ్గుతుంది. పవర్ పరిమితికి తగులుతున్న కార్డుకి ఆ మిగులే ఎక్కువ క్లాక్‌గా మారుతుంది. కనెక్టర్ మీద భారమూ తగ్గుతుంది.

ఎన్విడియా కార్డుకి ఆఫ్టర్‌బర్నర్‌లో:

1. 3వ భాగంలో రాసుకున్న క్లాక్ చూడండి. 1.05 వోల్టుల దగ్గర 1,920 మెగాహెర్ట్జ్ అనుకుందాం.
2. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజ్ దగ్గర ఎంత క్లాకో చూపే కర్వ్ తెరుచుకుంటుంది.
3. ప్రధాన కిటికీలో కోర్ స్లైడర్‌ని మైనస్ 200, 250 దాకా తగ్గించి అప్లై చేయండి. గీత మొత్తం కిందికి దిగుతుంది.
4. 0.95 వోల్టుల దగ్గరున్న చుక్కని 1,920కి లాగి అప్లై చేయండి. దాని కుడివైపు చుక్కలన్నీ ఒకే ఎత్తుకి చదునవుతాయి.
5. పరీక్షించండి. నిలబడితే అదే క్లాక్‌ని 0.925 దగ్గర ప్రయత్నించండి. పడిపోతే వోల్టేజ్ ఒక మెట్టు పెంచండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒక్క చుక్కనే నిలువునా పైకి లాగి, దాని ఎడమవైపు చుక్కల్ని మరీ కింద వదిలేస్తే, ఆఫ్టర్‌బర్నర్ 1,920 అని చూపిస్తున్నా కార్డు నిజంగా అంత వేగంగా నడవదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ చూడండి. రెండు అంకెల మధ్య తేడా 15, 20 మెగాహెర్ట్జ్ కంటే పెద్దదైతే ఎడమవైపు నాలుగైదు చుక్కల్ని కూడా మెట్లుగా పైకి తీసుకురండి.

లినక్స్‌లో ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండుతో పవర్ లిమిట్ తగ్గించడం సులువు, కానీ రీబూట్ అయ్యాక అది పోతుంది కాబట్టి స్టార్టప్ సర్వీసుగా పెట్టుకోవాలి. ఏఎమ్‌డీకి ల్యాక్ట్ అనే ప్రోగ్రాం ఈ పనంతా చేస్తుంది.

## 8. నిలకడ పరీక్ష

విడివిడిగా తేల్చుకున్న కోర్ (లేదా అండర్‌వోల్ట్), మెమరీ అంకెలు ఇప్పుడు కలిపి పెట్టి పరీక్షించండి. కార్డు మీద విపరీతమైన భారం వేసే ఫర్‌మార్క్ ఒక్కటే నడిపి తృప్తిపడకండి. అది అంత కరెంటు లాగుతుంది కాబట్టి కార్డు వాట్ల పరిమితికి తగిలి క్లాక్‌ని బాగా తగ్గించుకుంటుంది. మీరు పెట్టిన పై క్లాక్ అందులో పరీక్షకే రాదు. తేలికపాటి గేమ్‌లో, మెనూ తెరలో కార్డు పై చుక్కకి ఎగబాకినప్పుడు పడిపోయే అవకాశం ఎక్కువ.

- 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్: 20 రౌండ్లు, 97 శాతం ఫ్రేమ్‌రేట్ నిలకడ రావాలి
- ఓసీసీటీలో మెమరీ పరీక్ష: ఒక్క తప్పు కూడా రాకూడదు
- రే ట్రేసింగ్ గేమ్ కనీసం గంట
- తేలికపాటి గేమ్ ఒకటి, ఫ్రేమ్‌రేట్ హద్దు పెట్టి కాసేపు, తీసేసి కాసేపు
- గేమ్ నుంచి డెస్క్‌టాప్‌కి, మళ్ళీ గేమ్‌లోకి పలుమార్లు
- వీడియో చూడటం, స్లీప్‌లోకి పంపి లేపడం
- రాత్రంతా ఆపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయడం

ఇవన్నీ దాటాకే ప్రొఫైల్ సేవ్ చేయండి. విండోస్ మొదలవగానే అప్లై అయ్యే గుర్తుని కొన్ని రోజులు వాడి చూశాకే పెట్టండి. ముందే పెట్టి విండోస్ తెరుచుకోని స్థితికి వస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆఫ్టర్‌బర్నర్‌ని తీసేయాలి.

## 9. ఏం జరిగితే ఏం చేయాలి

గేమ్ మూసుకుంది, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చింది. కార్డు 2 సెకన్లలో జవాబు ఇవ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) 4101 అని ఉంటుంది. కోర్ 15 నుంచి 30 తగ్గించండి, అండర్‌వోల్ట్ అయితే వోల్టేజ్ ఒక మెట్టు పెంచండి.

చుక్కలు, మెరుపులు. మెమరీ 200 తగ్గించండి. సున్నాకి తెచ్చినా వస్తుంటే అది ఓవర్‌క్లాక్ సమస్య కాదు.

క్రాష్ లేదు, స్కోరు తగ్గింది. మెమరీ తప్పులు సరిదిద్దుకుంటోంది, లేదా వాట్ల పరిమితి తగిలింది. పర్ఫ్‌క్యాప్ చూడండి.

కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగింది లేదా రీస్టార్ట్ అయింది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. అది కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. గేమ్ లోడు పెరిగినప్పుడే జరుగుతుంటే మొదట 2వ భాగానికి వెళ్ళండి. పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గిస్తే ఆగడం మానిందంటే అనుమానం పవర్ సప్లై మీదే.

స్క్రీన్ నల్లబడి ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. ఆపేయండి, గోడ ప్లగ్గు తీయండి, కార్డు కనెక్టర్ తీసి చూడండి. పిన్నుల దగ్గర రంగు మారినా, ప్లాస్టిక్ ఉబ్బినా ఆ కేబుల్ మళ్ళీ వాడొద్దు.

కాలిన వాసన. కారణం వెతికేది తర్వాత. ముందు గోడ స్విచ్.

## 10. చేయొద్దని చెప్పేవి రెండు

వేరే కార్డు వీబయోస్ (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించి పవర్ లిమిట్ పెంచుకోవడం మొదటిది. ఆ బయోస్ రాసింది వేరే వోల్టేజ్ సర్క్యూట్ కోసం, వేరే ఫ్యాన్ల కోసం. కార్డు మీద రెండు బయోస్‌ల స్విచ్ ఉంటే దాన్ని వాడుకోండి, తయారీదారు పరీక్షించిన రెండు అమరికలు అందులో ఉంటాయి.

షంట్ మాడ్ రెండోది. కార్డు తన కరెంటుని కొలిచేది కొన్ని మిల్లీఓముల చిన్న రెసిస్టర్ల మీద. వాటి మీద అదే విలువున్న ఇంకోటి పేరిస్తే కార్డు తను లాగుతున్నది తక్కువే అనుకుంటుంది. 500 వాట్లు పోతుంటే 250 అని చూపిస్తుంది. కేబుల్, కనెక్టర్ మాత్రం ఆ 500నీ మోస్తూనే ఉంటాయి, కాపాడాల్సిన కొలత కళ్ళు మూసుకుని ఉంటుంది. వారంటీ కూడా అక్కడితో పోతుంది.

## 11. సేవ్ చేసిన తర్వాత

డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు, గది బాగా వేడెక్కే కాలంలో, కొత్త గేమ్ వేసినప్పుడు పాత ప్రొఫైల్ నిలవకపోవచ్చు. కొత్త గేమ్ మూసుకుపోతే, గేమ్‌ని తిట్టే ముందు కార్డుని మామూలు స్థితికి తెచ్చి ఒకసారి ఆడి చూడండి. అక్కడ బాగా నడిస్తే 15 మెగాహెర్ట్జ్ తగ్గించి ప్రొఫైల్‌ని మళ్ళీ సేవ్ చేయండి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి.